క్రీడారంగము నుండి రాజ్యాధికారమునకు
(రజతోత్సవ సభలో రెండవనాటి సాయంకాలమున చేసిన ప్రసంగ పాఠము)



ఒక పల్లెటూరి గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు తలుపు మూయక నిలచుట సామాన్య విషయము కాదు. దీనికి ఇటుక మోసినవారు, పుస్తకము దానమిచ్చినవారు, దీపమునకు నూనె పోసినట్లు ఏటేట చందా కట్టినవారు ఈ సభలో ననేకులున్నారు. వారి యెదుట నిలచి మాట్లాడుటకు నాకున్న యోగ్యత స్వల్పము. నేను గ్రామము లెక్కలు వ్రాసికొనువాడను. గురువుల యొద్ద కూర్చుండి కావ్యములు చదివిన భాగ్యము నాకు లేదు. ఈ బీరువాలలోని భారత భాగవతములను, ప్రక్కన నిఘంటువు పెట్టుకొని, తీరిక వేళల చదివికొన్నవాడను. కావున నా మాటలలో సాహిత్యపు పరిమళము కంటె లెక్కల వాసన యెక్కువగా నుండిన, సభవారు మన్నింతురు గాక.

యువకులకు పనికివచ్చు విషయము నేదైన చెప్పుమని కార్యదర్శిగారు నన్నాజ్ఞాపించిరి. మన పఠనమందిరమున వార్తాపత్రిక రాగానే రెండు ముక్కలగును. ఆటల పుట యువకుల చేతికి పోవును. రాజకీయముల పుట పెద్దల చేతికి పోవును. ఒకరి పుటను మరియొకరు చిన్నచూపు చూతురు. కాని ఈ కాలమున ఆ రెండు పుటలును తరచుగా కలసిపోవుచున్నవి. పాకిస్తాను క్రికెట్టు జట్టునకు నాయకుడై 1992లో ప్రపంచ కప్పు గెలిచిన ఇమ్రాన్ ఖాన్ 2018లో ఆ దేశమునకు ప్రధానమంత్రి యయ్యెను. 2022లో అవిశ్వాస తీర్మానముతో పదవి కోల్పోయెను. హైదరాబాదులో పుట్టి, భారత జట్టునకు నాయకత్వము వహించిన మహమ్మద్ అజారుద్దీన్ 2009లో ఉత్తరప్రదేశములోని మొరాదాబాదు నుండి లోకసభకు ఎన్నికయ్యెను. అంతకు పూర్వమే, 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్ క్రీడలలో బంగారు పతకము గెలిచిన భారత హాకీ జట్టునకు నాయకుడైన జైపాల్ సింగ్, రాజ్యాంగ సభలో కూర్చుండి ఆదివాసుల పక్షమున గొంతెత్తెను. కావున ఆటగాడు రాజ్యసభలలో నడుగు పెట్టుట క్రొత్త మాట గాదు. ఆటలో గెలిచినవాడు రాజ్యమును నడపగలడా, అట్టివానికి మనము ఓటు వేయవచ్చునా యన్నదే మనము విచారింపవలసిన ప్రశ్న.

ఈ ప్రశ్న మన భారతములోనే యున్నది. ద్రోణాచార్యుడు శిష్యుల విద్యను జనులకు చూపుటకై రంగస్థలము నేర్పాటు చేసిన కథ మీరెల్లరు నెరిగినదే. అర్జునుడు చూపిన విద్యలన్నింటిని తానును చూపెదనని కర్ణుడు ముందుకు వచ్చెను, చూపెను కూడ. అప్పుడు కృపాచార్యుడు అతని విలువిద్యను గూర్చి యడుగలేదు. నీ కులమేమి, నీ తల్లిదండ్రులెవరని యడిగెను. కర్ణుడు తలవంచెను. వెంటనే దుర్యోధనుడు లేచి అతనిని అంగరాజ్యమునకు అభిషేకించెను. ఒక్క సాయంకాలములో, బాణము వేసిన చేతికి రాజదండము వచ్చెను.

చిన్నతనమున ఈ ఘట్టము చదివినపుడు దుర్యోధనుని ఔదార్యమునకు సంతసించియుంటిమి. వయస్సు వచ్చిన పిదప రెండు సంగతులు స్ఫురించినవి. కృపుని ప్రశ్న తప్పు ప్రశ్న. పుట్టుకను గూర్చి యడుగుట న్యాయము గాదు. కాని దుర్యోధనుడిచ్చిన సమాధానమును సరియైనది కాదు. రాజ్యము నేలగలవా యని అతడును అడుగలేదు. అర్జునునికి పోటీగా ఒక వీరుడు తనకు కావలెను. అందుకొరకు ఒక రాజ్యమును, అందలి ప్రజలను బహుమానముగా నిచ్చివేసెను. అంగదేశపు ప్రజల మాట ఎవరికిని తోచలేదు. ఆ కిరీటమిచ్చిన చేతికి కర్ణుడు తుదివరకు ఋణపడియుండెను. ఆటగాడు రాజ్యమునకు వచ్చినపుడు నేటికిని ఈ రెండు తప్పులే జరుగుచుండును. కొందరు అతని పుట్టుకను, చదువును ఎత్తిచూపి ఎగతాళి చేయుదురు. మరికొందరు అతని పేరును తమ పనికి వాడుకొనుటకు కిరీటము పెట్టుదురు. మధ్యలో అడుగవలసిన ప్రశ్న మిగిలిపోవును.

ఈ ప్రశ్నను పరీక్షించుటకు ఒక మనుష్యుని జీవితమును మీ ముందుంచెదను. ఆయన మన దేశమువాడు కాడు. దూరపువాని కథయైనచో మనకు పక్షపాతము తక్కువగా నుండును. లెక్కను సరిచూచుటకు అది మేలు.

ఆఫ్రికా ఖండపు పశ్చిమ తీరమున లైబీరియా యను చిన్న దేశము కలదు. అమెరికాలో బానిసత్వము నుండి విడుదలైన నల్లజాతివారు కొందరు తిరిగి వచ్చి సముద్రతీరమున కాపురముండి, 1847లో దానిని స్వతంత్ర దేశముగా ప్రకటించిరి. దాని ముఖ్యపట్టణము మన్రోవియా. అమెరికా అధ్యక్షుడైన జేమ్స్ మన్రో పేర ఆ పట్టణమునకు ఆ నామము వచ్చినది. వచ్చి స్థిరపడినవారి సంతతికి అధికారము, ముందునుండి యున్న తెగలవారికి కష్టము—ఈ భేదము నూరేండ్లకు పైగా సాగెను. 1980లో సైనికులు ప్రభుత్వమును కూలద్రోసిరి. 1989లో అంతర్యుద్ధము మొదలయ్యెను. నడుమ కొంత విరామముతో 2003 వరకు సాగెను. ఆ యుద్ధములలో రెండున్నర లక్షల మంది చనిపోయినట్లు అంచనా. చిన్న పిల్లల చేతికి సైతము తుపాకులిచ్చిన యుద్ధమది.

అట్టి దేశమున, మన్రోవియాలోని క్లారా టౌన్ అను పేదల వాడలో, 1966 అక్టోబరు 1వ తేదీన జార్జి వేయా జన్మించెను. క్రూ అను తెగవాడు. నాయనమ్మ యింట పెరిగెను. బాల్యము నుండి కాలిబంతి ఆటయే ఆయన లోకము. స్వదేశములో ఆడుచున్న దినములలో టెలిఫోను సంస్థలో చిన్న యుద్యోగము కూడ చేసెను. కామెరూన్ దేశపు జట్టులో కొంతకాలమాడిన పిమ్మట, 1988లో మొనాకో జట్టు ఆయనను ఐరోపాకు తీసికొనిపోయెను. ఆ జట్టునకు శిక్షకుడు ఆర్సేన్ వెంగర్ అను ఫ్రెంచివాడు. పరదేశమున, తెలియని భాషలో, నల్లనివాడని హేళన చేయు ప్రేక్షకుల నడుమ ఆడవలసిన ఆ యువకునికి వెంగర్ తండ్రివలె అండగా నిలిచెను. శిష్యుడు ఆ మేలు మరువలేదు. ముప్పది సంవత్సరముల తరువాత, తాను దేశాధ్యక్షుడైన పిమ్మట, 2018లో వెంగర్‌ను మన్రోవియాకు పిలిపించి తన దేశపు ఉన్నత గౌరవమునిచ్చి సత్కరించెను.

మొనాకో నుండి 1992లో పారిస్ జట్టునకు, 1995లో ఇటలీలోని మిలాన్ జట్టునకు ఆయన వెళ్ళెను. 1995లో ప్రపంచపు ఉత్తమ క్రీడాకారుడను బిరుదమును, బంగారు బంతి యను ప్రసిద్ధ బహుమానమును ఆయనకు లభించినవి. అంతవరకు ఆ బంగారు బంతి ఐరోపావారికే పరిమితమై యుండెను. ఆ నియమము తొలగించిన తొలి సంవత్సరమున దానిని గెలిచినవాడు వేయా. ఆఫ్రికా వాసులలో దానిని పొందినవాడు నేటివరకు ఆయన యొక్కడే. 1996లో వెరోనా జట్టుపై, తన గోలు సమీపమున బంతినందుకొని, మైదానమంతయు ఒంటరిగా పరుగెత్తి, ఎదురువారినెల్ల తప్పించుకొని వేసిన గోలును నేటికిని జనులు చెప్పుకొందురు.

ఇంతవరకు ఇది ఆటల పుట. ఇప్పుడు రెండవ పుట తెరచెదము.

దేశము కాలిపోవుచుండగా ఈయన విదేశమున ధనము గడించి సుఖముగా నుండలేదు. లైబీరియా జాతీయ జట్టునకు ప్రయాణపు ఖర్చులు, దుస్తులు, ఆటగాండ్ర భోజనములు తన జేబునుండి భరించెను. తానే ఆటగాడు, తానే శిక్షకుడు, తానే ఖజానా. ఆ జట్టు 1996లోను, 2002లోను ఆఫ్రికా దేశముల పోటీలకు అర్హత పొందెను. 2002 ప్రపంచ కప్పునకు ఒకే ఒక పాయింటు తేడాతో నైజీరియా ముందు నిలచుటచే అవకాశము తప్పిపోయెను. అందుచే ప్రపంచపు ఉత్తమ క్రీడాకారుడు ప్రపంచ కప్పులో ఒక్కసారియైన ఆడకయే విరమించెను. తన దేశమున శాంతి నెలకొల్పుటకు ఐక్యరాజ్యసమితి రావలెనని 1996లో పత్రికలవారితో చెప్పగా, మన్రోవియాలోని ఆయన యింటికి నిప్పు పెట్టిరి. మాటకు మూల్యమున్నదని ఆయనకప్పుడే తెలిసియుండును.

యుద్ధము ముగిసిన పిదప 2005లో జరిగిన ఎన్నికలలో వేయా అధ్యక్ష పదవికి నిలిచెను. మొదటి విడతలో ఆయనకే అందరికంటె ఎక్కువగా నూటికి 28 వంతుల ఓట్లు వచ్చినవి. రెండవ విడతలో ఇద్దరు మిగిలిరి. ఒకవైపు పేటల పిల్లవాడైన ఆటగాడు; మరియొకవైపు హార్వర్డులో చదివి, ప్రపంచ బ్యాంకులో పనిచేసిన ఆర్థికవేత్త ఎలెన్ జాన్సన్ సర్లీఫ్. ఇతనికి చదువెక్కడిది, ఖజానా యేమి తెలియునని ప్రతిపక్షమువారు ప్రశ్నించిరి. యుద్ధమంతయు చదువుకొన్నవారు చేసినదే కదా యని యువకులు ప్రత్యుత్తరమిచ్చిరి. తుదకు ఆమెకు నూటికి 59 వంతులు, ఈయనకు 41 వంతులు ఓట్లు వచ్చినవి. ఆఫ్రికా ఖండములో ఎన్నికలలో గెలిచి దేశాధ్యక్షురాలైన మొదటి స్త్రీ ఆమె. మోసము జరిగినదని వేయా మొదట ఫిర్యాదు చేసెను. తరువాత దానిని విరమించుకొనెను. అప్పటికి రెండేండ్లు మాత్రమే దాటిన శాంతిని భగ్నము చేయకుండుటయే ఆయన దేశమునకు చేసిన మొదటి రాజకీయ సేవ యని నా యభిప్రాయము.

ఇక్కడ మన యువకులు గమనింపవలసిన విషయము కలదు. ఓడినవాడు ఇంట కూర్చుండి ప్రజలను నిందింపలేదు. నలుబది యేండ్లు దాటిన వయస్సులో, కోట్లమంది యెరిగిన ముఖముతో, తిరిగి పాఠశాల చదువునకు కూర్చుండెను. ఉన్నత పాఠశాల పరీక్ష పూర్తిచేసి, అమెరికాలో వ్యాపార నిర్వహణ శాస్త్రమున పట్టము పుచ్చుకొనెను. నిన్నెగతాళి చేసినవాని మాటలో సత్యమేదైన నున్నచో దానిని ఏరుకొని, మిగిలినది విడిచిపెట్టుట వివేకి లక్షణము. 2011లో ఉపాధ్యక్ష పదవికి నిలిచి మరల ఓడెను. 2014లో, నాలుగువేల ఎనిమిదివందల మందికి పైగా ప్రాణములు తీసిన ఎబోలా మహమ్మారి నడుమ జరిగిన ఎన్నికలో, అధ్యక్షురాలి కుమారుని పై గెలిచి సెనేటు సభ్యుడయ్యెను. 2017 డిసెంబరు 26వ తేదీన నూటికి 61 వంతులకు పైగా ఓట్లతో అధ్యక్షుడుగా ఎన్నికయ్యెను. 2018 జనవరి 22న ఆయన పదవిని స్వీకరించినపుడు, ఎన్నికైన అధ్యక్షుని నుండి ఎన్నికైన మరియొక అధ్యక్షునికి అధికారము శాంతముగా మారుట ఆ దేశమున 1944 తరువాత అదే మొదటిసారి.

మైదానము విడిచిన నాటినుండి సింహాసనమునకు పట్టిన కాలము పదునైదు సంవత్సరములు. అందు పండ్రెండేండ్లు ఎన్నికల పోరాటము. కర్ణునికి ఒక్క సాయంకాలము పట్టెను. ఈ భేదమును మరువకుడు.

ఇక ఆరేండ్ల పాలన. నాకు చిట్టా, ఆవర్జా తప్ప వేరు కొలబద్ద తెలియదు. జమ ఒకవైపు, ఖర్చు ఒకవైపు వ్రాసి చూపెదను.

జమవైపున: పదవి చేపట్టిన వెంటనే తన జీతమును నూటికి 25 వంతులు తగ్గించుకొందునని ప్రకటించెను. ప్రభుత్వ విశ్వవిద్యాలయములలో పట్టపు చదువునకు బోధనా రుసుమును 2018లో రద్దు చేసెను. అదే సంవత్సరము భూమి హక్కుల చట్టముపై సంతకము చేసెను. తాతలనాటి నుండి ఒక తెగ సాగుచేసికొనుచున్న భూమికి కాగితము లేకున్నను, ఆ సమూహమునకు హక్కు కలదని ఆ చట్టము అంగీకరించినది. భూమి లెక్కలు వ్రాయువానిగా చెప్పుచున్నాను: కాగితము లేనివానికి హక్కునొసగుట పేదవానికి జరుగు మేళ్ళలో గొప్పది.

ఖర్చువైపున: ధరలు పెరిగినవి. దేశపు నాణెము విలువ పడిపోయెను. 2019 జూన్ 7వ తేదీన వేలకొలది జనులు మన్రోవియా వీథులలో చేరి అవినీతిని, కరవును గూర్చి మొరపెట్టిరి. వారిలో ఆయనకు ఓటు వేసినవారును ఉండియుందురు. అవినీతి ఆరోపణలపై 2022లో ఆయన ప్రభుత్వపు ఉన్నతాధికారులు ముగ్గురిపై అమెరికా ఆంక్షలు విధించగా, వారు పదవులు వీడిరి. అదే సంవత్సరము చివర, అంతర్జాతీయ సభల పనిమీదను, ఖతారులో జరిగిన ప్రపంచ కప్పు చూచుటకును నలుబది దినములకు పైగా దేశము విడిచియుండెను. ఆ పోటీలో ఆయన కుమారుడు అమెరికా జట్టు పక్షమున గోలు వేసెను. తండ్రి హృదయము మనకు తెలియనిది కాదు. కాని బియ్యము ధర పెరిగి వంట చేసికొనలేని తల్లికి అధ్యక్షుని పుత్రవాత్సల్యముతో పనియేమి? ప్రజలు విమర్శించిరి, విమర్శించుట వారి హక్కు.

ఈ లోపములకు చదువు లేకపోవుటయే కారణమని తొందరపడి తీర్పు చెప్పకుడు. ఆయనకు ముందు పాలించిన సర్లీఫ్ గొప్ప విద్యావంతురాలు. 2011లో నోబెల్ శాంతి బహుమానమును పంచుకొన్నది. అట్టి యామెయే 2012లో తమ ఆస్తుల వివరములు ప్రకటింపని 46 మంది అధికారులను పదవి నుండి తాత్కాలికముగా తొలగింపవలసి వచ్చెను. వారిలో ఆమె కుమారుడును ఉండెను. చదువు లెక్క చూపుట నేర్పును. లెక్క చూపు బుద్ధిని నేర్పదు. ఆ బుద్ధిని అధికారికి నిలిపియుంచునది, ప్రతి దినము లెక్క అడుగు జనులు ఉన్నారను భయమే.

ఈ కథలో మిక్కిలి విలువైన ఘట్టమును తుదకు దాచితిని. 2023లో వేయా మరల పోటీచేసెను. ఎదుటివాడు జోసెఫ్ బోవకాయ్, 2017లో ఆయన చేతిలో ఓడినవాడే. మొదటి విడతలో వేయాకు నూటికి 43.8 వంతులు, బోవకాయ్‌కి 43.4 వంతులు. నవంబరు 14న జరిగిన రెండవ విడతలో బోవకాయ్‌కి 50.6, వేయాకు 49.4 వంతులు. పదునారు లక్షల ఓట్లలో తేడా సుమారు ఇరువది వేలు. సైన్యము ఆయన చేతిలో నున్నది. రేడియో ఆయన చేతిలో నున్నది. ఇరువది వేల ఓట్లకు వివాదము లేవదీయుట పెద్ద పని కాదు. ఆ దేశమున యుద్ధములు ఇంతకంటె చిన్న కారణములకు జరిగినవి. కాని నవంబరు 17వ తేదీ సాయంకాలము, తుది ఫలితములు అధికారికముగా వెలువడకమునుపే, వేయా రేడియోలో మాట్లాడి, తన ఓటమిని అంగీకరించి, గెలిచినవానిని అభినందించెను. 2024 జనవరి 22న అధికారము శాంతముగా చేతులు మారెను.

సోదరులారా! ఆట ఒక మనుష్యునికి నేర్పగల రాజనీతి ఏదైన నున్నచో అది ఇదియే. బుద్ధిబలము, భుజబలము, పేరు—ఇవి ఇతర మార్గములలోను రావచ్చును. ఈల ఊదిన వెంటనే ఆట ఆపుట, ఒక్క గోలు తేడాతో ఓడినను ఎదుటివాని చేయి పట్టుకొని ఊపుట, రేపు మరల అదే మైదానమునకు వచ్చుట—ఇది మాత్రము ఆటగానికే బాగుగా అలవడును. మన భారతములో దుర్యోధనునికి గద తెలియును, ఓటమి తెలియదు. ఐదూళ్ళిచ్చిన పోవుదానికి పదునెనిమిది అక్షౌహిణులు నశించినవి.

కావున నా లెక్క తేల్చెదను. పేరు ప్రారంభపు నిల్వ వంటిది. ఆ నిల్వ ఉన్నవాడు పని మొదలుపెట్టుటకు సులువు. కాని ప్రారంభపు నిల్వను చూచి ఏ వ్యవహారమును లాభసాటియని చెప్పరాదు. సంవత్సరాంతమున జమాఖర్చు చూడవలెను. లైబీరియా ప్రజలు 2005లో ఆయన పేరు మాత్రమే చాలదనిరి. 2017లో ఒక అవకాశమిచ్చిరి. 2023లో లెక్క చూచి పంపివేసిరి. ఈ కథలో అందరికంటె గొప్ప ఆటగాడెవడని అడిగినచో, ఆ దేశపు ఓటరు అని నేను చెప్పుదును.

ఇప్పుడు మన ఊరి మాట. వచ్చు పంచాయతీ ఎన్నికలలో కబడ్డీ జట్టు కుర్రవాండ్రను నిలువబెట్టవలెనని కొందరు ప్రయత్నించుచున్నారు. కూతకు పోయినవాడు కుర్చీలో ఏమి చేయునని పెద్దలు నవ్వుచున్నారు. ఇది రెండు పక్షముల నడుమ అప్పుడే పంతముగా మారుచున్నది. ఇక్కడ నేను ఎవరి పక్షమును వహింపను. ఇద్దరికిని చెరియొక మాట చెప్పెదను.

పెద్దలకు: కృపాచార్యుని ప్రశ్న అడుగకుడు. ఎవని కొడుకు, ఎంతవరకు చదివెను, ఏ వాడవాడు అను మాటలు ఎన్నికలో పనికిరావు. సభాపర్వమున నారదుడు ధర్మరాజు సభకు వచ్చి అడిగిన ప్రశ్నలున్నవి, వాటిని అడుగుడు. ఆదాయములో ఎంత వంతు ఖర్చు చేయుచున్నావు? లెక్కలు వ్రాయువారు దినదినము ఉదయమున ఆదాయవ్యయములు నీకు నివేదించుచున్నారా? వానపై మాత్రమే ఆధారపడకుండ సేద్యమునకు చెరువులు నిండియున్నవా? రైతునకు విత్తనములు, తిండి లోపింపకున్నవా? వేల సంవత్సరముల క్రిందటి ఆ ప్రశ్నలు చదివినపుడెల్ల, లెక్కలు వ్రాయువానికి మహాభారతమున చోటున్నదని నాకు గర్వము కలుగును. ఇవి కులమునడుగని ప్రశ్నలు, పనినడుగు ప్రశ్నలు. కబడ్డీ కుర్రవానిని ఈ ప్రశ్నలడుగుడు. అతనికి పోటీగా నిలిచిన పెద్దమనిషిని సైతము ఇవే అడుగుడు.

యువకులకు: మిమ్ము నిలువబెట్టుచున్నవారెవరో, ఎందుకొరకో విచారింపుడు. మీ పేరు కావలెనా, మీ పని కావలెనా? అంగరాజ్యము బహుమానముగా వచ్చినచో ఆ ఋణము తీర్చుట కష్టము. నిలువదలచినచో కర్ణుని మార్గము విడిచి వేయా మార్గము పట్టుడు. మైదానమునకిచ్చు కాలములో వారమునకు రెండు గంటలు ఈ గ్రంథాలయమునకిండు. పంచాయతీ చట్టము పుస్తకము మూడవ బీరువాలో నున్నది. దానిని ఇంతవరకు ఇంటికి తీసికొనిపోయినవారి సంఖ్య చందాదారుల పుస్తకమున చూచినచో మీరే సిగ్గుపడుదురు. ఇంటిపన్ను ఎంత రావలెను, ఎంత వచ్చెను, వీథి దీపములకు ఎంతయ్యెను, త్రాగునీటికి ఎంతయ్యెనను లెక్కను చదువుట నేర్చుకొనుడు. అది కూతపెట్టి తిరిగి గీత దాటుట కంటె కష్టమైన విద్య కాదు. ఊపిరి బిగబట్టి ఓర్మితో చేయవలసిన పని యగుటలో రెండును ఒకటే.

కార్యవర్గమువారికి నాదొక మనవి. ఈ రజతోత్సవ జ్ఞాపకార్థము మరియొక బల్లయో, మరియొక పటమో చేయించుటకు బదులు, నెలకొక సాయంకాలము పఠనమందిరమున గ్రామపు ఆదాయవ్యయములను బిగ్గరగా చదువు ఏర్పాటు చేయుడు. కులము, వాడ, పక్షము అను భేదము లేక ఎవరైనను వచ్చి వినవచ్చును, అడుగవచ్చును. లెక్కలు చదువుట నేర్పు పనిని, నా కంటిచూపు సాగినంత కాలము, నేను ఉచితముగా చేయుదును. కబడ్డీ జట్టువారు మొదటి వరుసలో కూర్చుండవలెను. వారిని చూచి నవ్విన పెద్దలు వారి ప్రక్కనే కూర్చుండవలెను. అప్పుడు పత్రికలోని రెండు పుటలును ఒకే బల్లపై నుండును.

ఎన్నికలో ఎవరు గెలిచినను, ఓడినవాడు మరునాడు గెలిచినవాని యింటికి పోయి అభినందించు ఊరుగా మన ఊరు పేరు పొందినచో, ఈ గ్రంథాలయము ఇరువదియైదేండ్లు తెరచియుండుటకు తగిన ఫలము దక్కినట్లే.